నల్ల తీగలు ఎటువైపు

కృష్ణనగర్
జూన్ 4

కల్యాణీయాసు తపతీ,

నీ ఉత్తరం అందింది. మీ అత్తగారికి పక్షవాతం వచ్చి మూడు నెలలైనా మాట తిరిగి రాలేదని చదివి బాధ కలిగింది. వచ్చి మీతోనే ఉండిపొమ్మన్నావు. మీ అన్నయ్య పోయి రెండేళ్లయినా నన్ను వదినగా గుర్తుపెట్టుకుని, బౌదీ అని పిలిచినందుకు సంతోషం. కానీ రాలేను. కారణం దాచకుండా రాస్తాను. మంచం పట్టిన మీ అమ్మకి ఏడేళ్లు అన్నీ చేశాను. ఆ పని మళ్లీ చేసే శక్తి నా నడుముకి లేదు, మనసుకి అంతకన్నా లేదు.

ఇక్కడ మూడు నెలలు ఒక శిక్షణా కేంద్రంలో బెంగాలీ కంపోజింగ్ నేర్చుకున్నాను. స్టేషన్ రోడ్డులో ప్రెస్సు నడిపే శిబనాథ్ బాబు నా పని చూశారు. దుర్గాపూజకి ఈ ఊళ్లో పదకొండు చిన్న పత్రికలు ప్రత్యేక సంచికలు వేస్తాయి. "చూడండమ్మా, మూడు సంచికలు మీకే ఇస్తాను. పేజీకి పద్నాలుగు రూపాయలు. నా దగ్గరున్నది ఒక్క కంప్యూటరు, దానిమీద వేరే మనిషి కూర్చుంటున్నాడు. ఆగస్టు ఒకటికి మీ ఇంట్లో మీ సొంత మెషిను ఉంటే పని మీది. లేకపోతే రాణాఘాట్ మనిషిది" అన్నారు.

కొత్తది కొనే స్తోమత లేదు. మిగిలిన జత గాజులు అమ్మితే తొమ్మిది వేల రెండు వందలు వచ్చాయి. మీ ఆయన చాంద్‌నీ బజారులో అమ్మేది పాత కంప్యూటర్ భాగాలే. నువ్వు ఆ కొట్టు గల్లా దగ్గర పదకొండేళ్లుగా కూర్చుంటున్నావు. ఒక్కో భాగం చూసి కొని పంపగలవా? బిగించడం ఎలాగో రాసి పంపితే నేనే బిగించుకుంటాను. రాసింది రాసినట్టు చేసే మనిషినని నీకు తెలుసు.

ఆ తారీఖుకి మెషిను పనిచేయకపోతే ఈ గది అద్దె కట్టలేను. అప్పుడు నువ్వన్నట్టు మీ ఇంటికి రావడం తప్ప వేరే దారి లేదు. అందుకే ఇంతగా అడుగుతున్నాను.

డబ్బు ఫణి ఘోష్ చేతికిచ్చాను. పాలు విరగ్గొట్టి తీసిన ఛానా ముద్దలు రోజూ తెల్లవారి లోకల్ రైల్లో మీ బౌబజార్ మిఠాయి కొట్లకి మోసేది అతనే. తిరుగు ప్రయాణంలో ఖాళీ డబ్బాల్లో సామాను పెట్టుకొస్తానన్నాడు. పిల్లలకి మా ఊరి మీగడ మిఠాయి సరపూరియా అర కిలో పంపుతున్నాను.

ఆశీస్సులతో,
బాసబి

బౌబజార్, కలకత్తా
జూన్ 10

శ్రీచరణేషు బౌదీ,

నవ్వొచ్చింది, కోపగించుకోకు. పులుసులో ఉప్పు కూడా చెంచాతో కొలిచి వేసే దానివి, నువ్వు కంప్యూటర్ బిగిస్తావా? మా ఆయనకి చదివి వినిపిస్తే, "మీ వదిన మదర్‌బోర్డుని కూడా పప్పు కడిగినట్టు మూడు నీళ్లు కడిగి ఎండబెడుతుందేమో కనుక్కో" అన్నారు. కొట్లో ఉన్నవాళ్లంతా పడీ పడీ నవ్వారు.

అయినా నువ్వడిగితే కాదంటానా? తొమ్మిది వేలు పట్టుకుని ఈ బజారులో ఎవరి కొట్టెక్కినా పక్క కొట్టుకెళ్లమంటారు. మా అన్నయ్య భార్యవి కాబట్టి చేస్తాను. ఒక బ్యాంకు తన పాత మెషిన్లు గుట్టగా అమ్మేసింది, అందులోంచి ఏరతాను.

ఒక్క మాట అడుగుతాను. మంచాన ఉన్న మనిషిని ఎత్తడానికి నడుము లేదంటావు. మరి పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని టైపు కొట్టడానికి ఎక్కణ్ణించి వచ్చింది నడుము? మా అత్తగారు ముప్పై ఎనిమిది కిలోలు. మా అమ్మంత బరువు కూడా కాదు. నీ చేతికి అలవాటైన పనే కదా. ఆయా లతిక రోజుకి తొంభై తీసుకుంటుంది, పక్క తడిసినా ముసలావిణ్ణి కదపదు. నువ్వుంటే నీకూ నీడ, మాకూ నిశ్చింత. పైగా విధవరాలివి, చేప ముట్టవు. నీ తిండికి మాకెంతవుతుంది?

సర్లే, నీ ముచ్చట తీరనీ. ముందు క్యాబినెట్ వస్తుంది.

ప్రణామాలతో,
తపతి

కృష్ణనగర్
జూన్ 24

కల్యాణీయాసు తపతీ,

క్యాబినెట్, పవర్ సప్లై, కీబోర్డు, ఫ్లాపీ డ్రైవు వచ్చాయి. రసీదులు విడివిడిగా పంపావు, అన్నీ దాచాను. డబ్బాల్లో రావడం వల్ల క్యాబినెట్ నిండా ఛానా నీళ్ల పులుపు వాసన. తడిగుడ్డతో తుడిచి రెండు రోజులు నీడలో ఆరబెట్టాను. మీ ఆయనతో చెప్పు, కడగలేదని.

కీబోర్డు మీద సగం అక్షరాలు అరిగిపోయాయి. బ్యాంకులో ఎవరో పదేళ్లు ఆగకుండా కొట్టినట్టుంది. ఫరవాలేదు, నాకు చూడకుండా కొట్టడం వచ్చు.

మదర్‌బోర్డు, ప్రాసెసర్, మెమరీ, హార్డ్‌డిస్కు, మానిటర్ రావాలి. ఇంకా అయిదు వారాల మూడు రోజులుంది.

నేను చేప తింటున్నాను. మీ అన్నయ్య పోయిన ఏడాదికే మొదలుపెట్టాను. వారానికి రెండుసార్లు, చిన్న చేప. ఖర్చు లెక్క వేస్తున్నావు కాబట్టి సరిగ్గా తెలియాలని రాస్తున్నాను.

బాసబి

బౌబజార్
జూలై 7

బౌదీ,

చేపా! మా అన్నయ్య చితి ఆరిందో లేదో. అమ్మ బతికుంటే ఏమనేదో తలుచుకుంటే ఒళ్లు జలదరించింది. వీధిలో ఎవరికీ చెప్పలేదులే, పరువు మాదే కదా.

ఇక నీ సామాను. బోర్డూ ప్రాసెసరూ కలిపి దొరికాయి. మెమరీ ధర మొన్న వారం పెరిగింది. మానిటర్ అమ్మేవాడు పద్దెనిమిది వందలకి తగ్గనన్నాడు. ఇంకో తొమ్మిది వందలు పంపు. లేదంటావా, మానిటర్ లేకుండా రేడియోలా విని టైపు కొట్టుకో.

మా ఇంట్లో సంగతి వినే ఓపిక ఉందా? అత్తగారికి వీపు మీద పుండు లేచింది. నోట మాట లేదు గానీ కళ్లతో ఇల్లంతా శాసిస్తుంది. నిన్న పాలలో చక్కెర తక్కువైందని గిన్నె తన్నేసింది. లతిక నవ్వుతూ, "అమ్మగారూ, ఈ కాలు పడిపోలేదా?" అంది. నేనూ నవ్వాను. అంతా అయ్యాక ఆ నేల తుడిచింది నేనే. పదిహేనేళ్లుగా పండక్కి ఊరు దాటలేదు బౌదీ. వీధి వీధంతా పురీ, డార్జిలింగ్ అంటూ వెళ్తుంది. నేను మాత్రం ఈసారి బెడ్‌పాన్ పట్టుకుని డప్పులు వినాలి.

నీకేం, ఒంటి మనిషివి.

తపతి

కృష్ణనగర్
జూలై 15

కల్యాణీయాసు తపతీ,

తొమ్మిది వందలు వెంటనే ఫణి ఘోష్ చేతికిచ్చి పంపాను. ఇత్తడి కలశమూ మీ అన్నయ్య గొడుగూ చేతిగడియారమూ అమ్మాను. ఇంతకుమించి అమ్మడానికి ఈ గదిలో ఏమీ లేదు. మళ్లీ అడిగినా ఉండదని ముందే తెలియజేస్తున్నాను.

మానిటర్ నిన్న అందింది. కరెంటు పెట్టకపోయినా అద్దం మీద ఒక పెట్టె, లోపల 'ఖాతాదారు పేరు' అన్న మాట కనిపిస్తున్నాయి. ఏళ్ల తరబడి ఒకే బొమ్మ నిలిచిపోతే అలా మచ్చ పడుతుందని చదివాను. దాని మీదే పేజీలు కడతాను. బోర్డు, మిగతావి కూడా చేరాయి. ఇప్పుడు బిగించే పద్ధతి రాసి పంపు. ఎవరినీ పిలిచి చూపించుకోలేను, ఇక్కడి మెకానిక్ ఇంటికి రావడానికే మూడు వందలు అడిగాడు.

నిన్న ప్రెస్సుకి వెళితే శిబనాథ్ బాబు, "ఏమ్మా, మెషినొస్తుందా, లేక రాణాఘాట్‌కి కబురు పెట్టమంటారా?" అన్నారు. ఒకటో తారీఖు ఉదయం వచ్చి చూడమన్నాను.

బాసబి

బౌబజార్
జూలై 20

శ్రీచరణేషు బౌదీ,

ఇదిగో, పంతులమ్మలా రాస్తున్నాను, శ్రద్ధగా చదువుకో.

చెక్కబల్ల మీద పాత పేపరు పరుచు. పని మొదలుపెట్టే ముందు కిటికీ చువ్వ ముట్టుకో, ఒంట్లో కరెంటుంటే పోతుంది. బోర్డుని క్యాబినెట్ రేకుకి తగలనీయకుండా ఇత్తడి మేకుల మీద కూర్చోబెట్టి స్క్రూలు బిగించు. ప్రాసెసర్ మూల ఒకటి కత్తిరించినట్టుంటుంది, ఆ మూలకి ఆ మూల. మెమరీ పట్టీ వాలుగా దూర్చి నిలబెట్టు, టక్కుమనాలి. హార్డ్‌డిస్కు వెడల్పాటి తీగకి ఒక అంచున ఎర్ర గీత ఉంటుంది. అది కరెంటు తీగ వైపుకి రావాలి.

అసలైనది ఇది. పవర్ సప్లైలోంచి రెండు ప్లగ్గులు వస్తాయి, ఒక్కోదానికి ఆరు తీగలు. రెండూ పక్కపక్కనే బోర్డు మీద ఒకే వరసలో ఎక్కుతాయి. ప్రతి ప్లగ్గుకీ ఒక చివర రెండు నల్ల తీగలుంటాయి. ఆ నల్లవి బయటి చివరలకి రావాలి, ఇటు రెండు, అటు రెండు. ఎర్ర తీగలు నడుమకి రావాలి. అలా పెట్టి స్విచ్చెయ్యి, నీ మెషిను లేస్తుంది.

ఇక నేనేం చెప్పను? మా కొట్లో కుర్రాళ్లకి కూడా ఇంత విడమరచి చెప్పలేదు.

తపతి

కృష్ణనగర్
జూలై 23

కల్యాణీయాసు తపతీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు రాసిన వరసలోనే అన్నీ బిగించాను. ఆ రెండు ప్లగ్గులు మాత్రం పెట్టలేదు. ఎటు తిప్పినా ఎక్కుతున్నాయి, అందుకే భయం. నల్ల తీగలు బయటికా, నడుమకా? పొరపాటైతే ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నలకీ విడిగా జవాబు రాయి. నీ చేతిరాతలో చూశాకే స్విచ్చు వేస్తాను.

బాసబి

బౌబజార్
జూలై 25

బౌదీ,

అబ్బబ్బ! నీతో కాపురం చేసిన మా అన్నయ్యకి దండం పెట్టాలి.

ఒకటి: నల్లవి బయటికి. రెండు: తిరగేసి పెడితే బోర్డు ఆ క్షణంలో మాడిపోతుంది, మళ్లీ బాగవదు. అందుకే నేను రాసినట్టే పెట్టు. పదకొండేళ్లుగా చూస్తున్నదాన్ని, నాకు తెలియదా?

తపతి

కృష్ణనగర్
జూలై 30

తపతీ,

నువ్వు రాసినట్టు పెడితే ఏమవుతుందో తెలిసింది. ఒక చిటుకు, పొగ, కాలిన రబ్బరు వాసన. బోర్డు మీద గోరంత నల్లమచ్చ.

ఎల్లుండి శిబనాథ్ బాబు వస్తారు. ఆయనకి ఏం చూపించను?

బాసబి

బౌబజార్
ఆగస్టు 2

శ్రీచరణేషు బౌదీ,

అయ్యో! ఎంత పని జరిగింది! నేను రాసింది ఒకటి, నువ్వు పెట్టింది ఇంకొకటి అయ్యుంటుంది. కంగారులో ఎడమ కుడి తారుమారవడం మామూలే. మా ఆయన కూడా అన్నారు, "ఆడవాళ్ల చేతికి స్క్రూడ్రైవరిస్తే ఇంతే" అని. మాడిన బోర్డుకి ఎవరూ పైసా ఇవ్వరు, దాన్ని దాచుకుని ఏడవకు.

ఒకందుకు మంచిదే. దేవుడు నిన్ను మా ఇంటికే రమ్మంటున్నాడు. అత్తగారి గదిలో కిటికీ కింద నీకు పక్క వేయిస్తాను. పొద్దున్నే ఆవిణ్ణి శుభ్రం చేసి, తినిపించి, తిరగేసి పడుకోబెట్టావంటే తర్వాత నీ ఇష్టం. వంట నేను చెప్పినప్పుడే. చేప సంగతి మన మధ్యే ఉండనీ.

ఎప్పుడొస్తావు?

తపతి

కృష్ణనగర్
ఆగస్టు 8

కల్యాణీయాసు తపతీ,

గదికి పూజ దాకా అద్దె ముందే కట్టేశాను, ఇంటాయన తిరిగివ్వడు. ఆ డబ్బు వృథా చేయడం నాకు చేతకాదు, నువ్వూ మెచ్చవు. పూజ మొదలయ్యే పంచమి నాడు ఉదయం పది గంటలకి మీ ఇంట్లో ఉంటాను.

బాసబి

బౌబజార్
సెప్టెంబర్ 27

శ్రీచరణేషు బౌదీ,

నీ మాట నమ్మి లతికని ఈ నెలాఖరుకి మాన్పించేస్తున్నాను. "పండగ ముందు తీసేస్తున్నారు, మళ్లీ పిలిస్తే నేను కాదు కదా, నా నీడ కూడా రాదు" అని గుమ్మంలో నిలబడి అరిచింది. అరవనీ. పూజ వేళ ఏ ఆయా దొరకదు, అందరూ కానింగ్ వైపు ఊళ్లకి పోతారు. అప్పటిదాకా ఎలాగో నేనే లాక్కొస్తాను.

ఇంకో కబురు. పంచమి రాత్రి రైలుకి మా నలుగురికీ పురీ టికెట్లు దొరికాయి! ఏకాదశికి తిరిగొస్తాం. పదిహేనేళ్ల తర్వాత సముద్రం చూస్తాను బౌదీ. నువ్వు ఉదయం వస్తే మందులూ గుడ్డలూ చూపించి, నిశ్చింతగా రైలెక్కుతాను. పిల్లలు అత్తకి గవ్వలు తెస్తామంటున్నారు.

నువ్వు రాకపోతే మాత్రం చచ్చానే.

తపతి

బౌబజార్
చతుర్థి, ఉదయం

బౌదీ,

తొందరలో రాస్తున్నాను, ఫణి ఘోష్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రాత్రి టికెట్లు ఖాయం కాలేదు, మార్చుకుంటే రేపు పొద్దున ఆరింటి రైలుకి దొరికాయి. నువ్వొచ్చేదాకా ఆగలేం. అయిదింటికి ఆవిడకి తినిపించి, గుడ్డ మార్చి, తాళం వేసి వెళ్తాం. తాళంచెవి ఎదురుగా మిఠాయి కొట్టు గోకుల్ దగ్గర ఉంటుంది. నువ్వు పదింటికల్లా వస్తావు, అయిదు గంటలే కదా, ఏం కాదు. నీళ్లు తలవైపు బల్ల మీద ఉంటాయి గానీ ఆవిడ చేతికి అందవు, నువ్వే పట్టాలి.

ఆలస్యం చేయకు.

తపతి

కృష్ణనగర్
పంచమి, తెల్లవారుజాము

తపతీ,

ఇది ఫణి ఘోష్ నీకు మధ్యాహ్నం అందిస్తాడు. మిఠాయి కొట్ల పని అయ్యాకే ఇవ్వమన్నాను. నిన్న అతను తెచ్చిన నీ ఉత్తరం నేను విప్పలేదు, విప్పను కూడా. ఏ పూటకి ఏ మందు, ఏ గుడ్డ ఎక్కడ, ఇవే ఉంటాయి. నాకు అవసరం లేదు.

నేను రావడం లేదు.

బోర్డు మాడలేదు. ఆ చిటుకు, పొగ, నల్లమచ్చ నేను కల్పించి రాసినవి. జూలైలో నువ్వు రాసిన పద్ధతి నేను గట్టిగా చదువుకుంటుంటే, ఉత్తరం తెచ్చిన ఫణి ఘోష్ గుమ్మంలో నిలబడి విన్నాడు. "అదేంటి బౌదీ, తిరగేసి రాసింది? కొట్లో వాళ్లాయన పరితోష్ బాబు రోజుకి పదిసార్లు కుర్రాళ్ల మీద అరుస్తాడు, 'నలుపు పక్కన నలుపు పెట్టరా గాడిదా, బోర్డు మాడ్చకు' అని. సామాను కట్టేదాకా నిలబడి నిలబడి నాకే కంఠతా వచ్చేసింది" అన్నాడు. పొరపాటున రాశావేమో అనుకున్నాను. అందుకే మళ్లీ అడిగాను, తప్పయితే ఏమవుతుందని కూడా అడిగాను. దిద్దుకోవడానికి నీకు ఒక అవకాశం ఇచ్చాను. బోర్డు మాడిపోతుందని నీ చేత్తోనే రాసి, నల్లవి బయటికే పెట్టమన్నావు.

ఇరవై ఆరో తారీఖున నల్లవి నడుమ పెట్టి స్విచ్చు వేశాను, మెషిను లేచింది. మూడు సంచికలూ నేనే కట్టాను, మూడు వందల ఎనభై ఎనిమిది పేజీలు. మహాలయకి ముందే అచ్చయ్యాయి. విశ్వకర్మ పూజ నాడు క్యాబినెట్‌కి కుంకుమ బొట్టు పెట్టాను. ఇంకా పులుపు వాసన వస్తూనే ఉంది.

అయిదు కొట్ల పేరుతో అయిదు రసీదులు పంపావు. అన్నింటిలోనూ ఏడు అంకె నడుమ అడ్డగీత ఉంది. చిన్నప్పటి నుంచీ ఏడు అలా వేసేది మీ ఇంట్లో నువ్వొక్కదానివే.

నీ రైలు ఇవాళ రాత్రికి. టికెట్లు తిరిగివ్వడానికి వేళ మించిపోయింది, లతిక రాదు, పండగలో ఇంకే ఆయా దొరకదు. చివరి రెండూ నువ్వే రాశావు. ఈ రోజునీ ఈ వేళనీ తెలిసే ఎంచుకున్నాను. మీ అమ్మకి నేను చేసిన ఏడేళ్లలో నువ్వు రెండుసార్లు వచ్చావు, రెండుసార్లూ ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నావు. ఈ అయిదు రోజులు ఆ రుమాలు లేకుండా గడుపు.

బాసబి

బౌబజార్
ఏకాదశి తర్వాతి రోజు

రాక్షసీ,

నిన్న ఉదయం వచ్చాం. తాళం వేసింది వేసినట్టే ఉంది. తలుపు తీస్తే కాళ్ల కింద నీ ఉత్తరం. ఫణి ఘోష్ తాళం చూసి, ఊరెళ్లామనుకుని తలుపు కిందనుంచి తోసి పోయాడట. ఒకే తాళం వెనక గుమ్మంలో నీ కాగితం, గదిలో ఆవిడ, ఆరు రోజులు!

గోకుల్‌ని పట్టుకుని అడిగితే, "చుట్టమావిడ రాలేదు, మీరే ఏదో ఏర్పాటు మార్చుకున్నారనుకున్నా. పండగలో నాకు ఊపిరాడిందా అక్కా?" అన్నాడు. ఆవిడకి మాట లేదు, అరవలేదు. అరిచినా ఆ డప్పుల్లో ఎవరికి వినపడుతుంది? నీళ్ల గ్లాసు నేను పెట్టిన చోటే నిండుగా ఉంది. ఆవిడ మంచం మీద లేదు. గ్లాసు వైపుకి నేల మీద జానెడు దూరం జరిగింది.

మా ఆయన నాతో మాట్లాడటం లేదు. గవ్వల సంచీ పిల్లలు విప్పనే లేదు.

పంచమి పదింటికి వస్తానని నువ్వు రాసిచ్చిన ఉత్తరం నా దగ్గరుంది. చతుర్థి నాడే కబురు పంపాను. చుట్టాలందరినీ పిలిచి చదివి వినిపిస్తాను. నువ్వే చంపావు.

తపతి

కృష్ణనగర్
త్రయోదశి

తపతీ,

చతుర్థి నాటి నీ ఉత్తరం నిన్న విప్పాను. ఫణి ఘోష్ వచ్చి, గుమ్మంలో కూర్చుని ఏడ్చాకే విప్పాను. "లోపల మనిషుందని తెలిస్తే తలుపు పగలగొట్టేవాణ్ణి కదా బౌదీ" అంటూనే ఉన్నాడు. అతని తప్పేమీ లేదని చెప్పాను. నమ్మలేదు.

నా తప్పు రాస్తున్నాను. నాకొచ్చిన ప్రతి ఉత్తరమూ రెండుసార్లు చదివేదాన్ని, ఆ ఒక్కటి విప్పలేదు. విప్పి ఉంటే మొదటి లోకల్‌లో వచ్చేదాన్ని. నువ్వు చేసినదంతా తెలిసి కూడా వచ్చి, ఆమెని శుభ్రం చేసి, నీళ్లు పట్టి, మీరు తిరిగొచ్చేదాకా ఉండేదాన్ని. అది నీకు తెలుసు. తెలుసు కాబట్టే నువ్వు తాళం వేసి వెళ్లగలిగావు. నేను దెబ్బ కొట్టాలనుకున్నది నిన్ను. తగిలింది నాకు ఏ అపకారమూ చేయని మనిషికి. ఆమె పేరు కూడా నాకు సరిగ్గా తెలియదు.

చుట్టాలకి చదివి వినిపిస్తానన్నావు. పిలువు, వస్తాను. నా దగ్గరున్నవీ తెస్తాను. జూలై 20, జూలై 25, చతుర్థి. తారీఖుల వరసలో అన్నీ చదువుదాం, ఒక్కటి కూడా వదలకుండా.

బాసబి

బౌబజార్
నవంబర్ 3

బౌదీ,

చుట్టాలని పిలవలేదు.

మా ఆయన ఆలోచించి ఒకటి నిర్ణయించారు. డాక్టరు గుండె ఆగిందని రాసిచ్చాడు. పండగ రోజుల్లో నువ్వు ఇక్కడే ఉన్నావని, మేం వచ్చే రోజు తెల్లవారుజామున ప్రాణం పోయిందని, నీ చేతి గంగాజలం తాగి ప్రశాంతంగా పోయిందని అందరికీ చెప్పాం. గోకుల్ నోరు మెదపడు. ఫణి ఘోష్ నోరు నువ్వు చూసుకో. శ్రాద్ధానికి నువ్వు రావాలి, ముందు వరసలో కూర్చోవాలి. అడిగిన వాళ్లకి అవునని తలూపితే చాలు. నేను నీ మీద చెప్పను, నువ్వు నా మీద చెప్పకు.

శ్రాద్ధం కార్డులు నూట యాభై కావాలి. బయట ఇస్తే వాడు వందడుగుతాడు. నువ్వెలాగూ ఈ పనే చేస్తున్నావు. వేయాల్సిన మాటలు ఈ వెనక రాశాను. చుట్టూ నల్ల గీత రావాలి.

తపతి

కృష్ణనగర్
నవంబర్ 6

తపతీ,

నువ్వు రాసింది రాసినట్టు కంపోజ్ చేశాను. ఆమె పేరు హేమనళిని అని నీ కాగితంలో చూసి తెలుసుకున్నాను. 'ఆత్మీయురాలైన బాసబి దేవి చేతి గంగాజలం స్వీకరించి' అన్న వాక్యం కూడా ఉంది, తీయలేదు. శ్రాద్ధానికి వస్తాను. తలూపుతాను. ఫణి ఘోష్ ఛానా మోయడం మానేశాడు, ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను.

కార్డులకి డబ్బు పంపకు. దొంగ రసీదులతో నువ్వు ఉంచుకున్నదాంట్లోంచి మినహాయించాను.

అచ్చు ప్రతి జతపరిచాను, అక్షరం అక్షరం చూసుకో. ఒక్క సంగతి నువ్వు తేల్చి రాయలేదు. నల్ల గీత కార్డు అంచుకి ఆనుకుని బయటికి ఉండాలా, కాస్త వదిలి లోపలికి ఉండాలా? నీ చేతిరాతలో రాసి పంపు. ఎలా రాస్తే అలా వేస్తాను.

బాసబి